‘ఇది జాజ్ కాదు’ గారికి రాయునది

మహారాజశ్రీ ‘ఇది జాజ్ కాదు’ అనే వాక్యం గారి సముఖమునకు,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాక ఏమవుతుంది లెండి, జాజ్ సంగీతం మారిన ప్రతిసారీ తమరికి కొత్త ప్రాణం పోస్తూనే ఉన్నారు. 1940ల్లో బీబాప్ అనే కొత్త జాజ్ పద్ధతి వచ్చినప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడింది తమరే. 1959లో న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో ఓర్నెట్ కోల్మన్ ప్లాస్టిక్ శాక్సఫోన్ ఊదినప్పుడూ తమరే. 1978లో వచ్చిన వెదర్ రిపోర్ట్ బృందం ఆల్బమ్ ‘మిస్టర్ గాన్’కి డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక ఒకే ఒక్క నక్షత్రం పారేసినప్పుడు, ఆ నక్షత్రం వెనక మెరిసినవి తమరి పళ్లే. ఎనభై దాటినా ఒక్క పన్నూ ఊడలేదు.

అయితే తమరి అసలు వైభవం 1983లో చూడాలి. ఆ ఏడాది హెర్బీ హ్యాన్‌కాక్ ‘ఫ్యూచర్ షాక్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. పదకొండేళ్లకే షికాగో సింఫనీతో మొజార్ట్ వాయించినవాడు, జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ అయిదుగురి బృందంలో పియానో ముందు కూర్చున్నవాడు. అంతటివాడు డ్రమ్ మెషిన్ పెట్టాడు, ముందే అమర్చిన స్వరాలు తమంతట తామే పలికే సింథసైజర్లు పెట్టాడు, పాటగాళ్లని పెట్టాడు. అది చాలదన్నట్టు రికార్డుని ముందుకీ వెనక్కీ గీకే గ్రాండ్‌మిక్సర్ డిఎస్‌టి అనే డీజేని కూడా పెట్టాడు. మా ఇంట్లో గ్రామఫోన్ ముల్లు అలా గీసుకుంటే వీపు విమానం మోత మోగేది. ఆయనేమో దాన్ని వాద్యం కింద లెక్కేశాడు!

శ్రోతల నోళ్లలో తమరికి ఎంత చేతినిండా పనో! ఒకాయన అంటాడు, మెషిన్ తాళం తప్పదు కాబట్టి అందులో ప్రాణం లేదని. నిజమైన డ్రమ్మరు తాళం తప్పితే ఈయనే లేచి వెళ్లిపోతాడు. ఇంకొకాయన లెక్క వేరు: గొంతు వినబడిందా, పాప్ అయిపోయింది. మరి జాజ్ గాయని బిల్లీ హాలిడే జీవితమంతా నోటితో ఏం చేసినట్టో! మూడో ఆయన దగ్గర ఒకే మాట, “డబ్బు కోసం.” ఈయన టిక్కెట్టు కొనగా చూసినవాళ్లెవరూ లేరు.

గ్రామీ వాళ్లు కూడా తమరికి జడిసినట్టున్నారు. ఆ ఆల్బమ్‌లోని ‘రాకిట్’ పాటకి అవార్డు ఇవ్వక తప్పలేదు గానీ, ఆర్ అండ్ బీ వాద్య విభాగంలో ఇచ్చి గండం గడుపుకున్నారు.

దాచుకోవడం దేనికి, నేనూ తమరి కొలువులో చాలాకాలం చేశాను. ఆ ఆల్బమ్ ఒక్కసారి కూడా వినకుండా పదేళ్లు తమరిని వాడుకున్నాను. ఎంత సుఖమో! టీ గ్లాసు పట్టుకుని, కళ్లు సగం మూసి, “బాగానే ఉంటుంది గానీ... ఇది జాజ్ కాదు” అంటే చాలు, ఎదుటివాళ్లు ఇంకేమీ అడగరు. పైగా నా దగ్గర ఇంటినిండా రికార్డులున్నాయనుకునేవారు. ఉన్నవి నాలుగు, అందులో రెండు అరువువి.

ఒక రాత్రి కరెంటు పోయి, తోచక, ఫోన్‌లో మిగిలిన చార్జింగ్‌తో విన్నాను. ‘రాకిట్’లో మెషిన్ వెనకాల ఏదో చర్మవాద్యం పలుకుతోంది. ఎవరా అని చూస్తే డేనియెల్ పోన్సే. ఆయన వాయిస్తున్నది బటా డ్రమ్ములు, క్యూబాలో పూజలకి మోగేవి. మీట నొక్కి పెట్టిన తాళం మీద మనిషి అరచెయ్యి పడుతుంటే, ఆ రెండింటి సందులోంచి హ్యాన్‌కాక్ వేళ్లు దూరుతున్నాయి. అంతా యంత్రమే అన్నవాళ్లకి (అంటే నాకు) ఆ అరచెయ్యి పదేళ్లు వినబడలేదు. విననిదే ఎలా వినబడుతుంది?

ఇంకో సంగతి తమరికెవరూ చెప్పినట్టు లేదు. అదే 1983లో ఆ హ్యాన్‌కాకే మార్సాలిస్ అన్నదమ్ములని వెంటేసుకుని, వీఎస్ఓపీ అనే బృందం పేరుతో మెషిన్ లేని జాజ్ వాయిస్తూ ఊళ్లు తిరిగాడు. తమరు ఏ చేతిని తిట్టాలో తేల్చుకునేలోపు రెండో చెయ్యి కూడా వాయించేసింది.

మా వైపు కూడా తమరికి చుట్టాలున్నారు. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కచేరీకి కూర్చుంటే, ‘ఇది కర్ణాటక వాద్యం కాదు’ గారు తల అడ్డంగా ఊపారు. ఆ కుర్రాడే తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరేసరికి, తమరిద్దరికీ ఒకే వేదిక మీద పని దొరికింది. రైలు ఖర్చులు కలిసొచ్చి ఉంటాయి.

ఇంతకీ తమరిని కొలువులోంచి పూర్తిగా తీసెయ్యలేదు. ఆ ఆల్బమ్‌లో ఆరో పాట, ‘రఫ్’ ఉంది చూడండి, అక్కడ ఆ కేకలూ, డ్రమ్ముల దరువూ ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కడం లేదు. మొదటి అయిదు పాటలప్పుడూ వరండాలో కూర్చోండి, కాఫీ పంపిస్తాను. ఆరోది మొదలవగానే కేకేస్తాను, చెప్పులు బయట వదిలి లోపలికి రండి.

ఇట్లు,
తమరి పాత నౌకరు