మేడ మీద కరెంటు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్

మేడల మీద సోలార్ ప్యానెళ్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పటి నుంచి బెజవాడ, గుంటూరుల్లో ఈ వాదన తరచూ వింటున్నాను. ప్యానెళ్లు పెట్టించుకున్నవాళ్లు బిల్లు తగ్గిందంటారు, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు లైన్లు తట్టుకోవంటారు. ఆ రెండు పక్షాలనూ ఒకే ఇంట్లో కూర్చోబెట్టి రాశాను. అక్క గుంటూరులో డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్). తమ్ముడు పటమటలో ఆఫీసు పెట్టుకుని కానూరు, పోరంకి వైపు మేడల మీద సోలార్ బిగిస్తాడు. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. నా మొగ్గు ఎటో మధ్యలో తెలిసిపోతుంది, దాచలేదు.

తమ్ముడు: అక్కా, ముందు ఈ ఫోన్ చూడు. పోరంకిలో ఒక కస్టమర్ ఇల్లు, 3 కిలోవాట్లు. పొద్దున్నుంచి సోలార్ ఉత్పత్తి గీత చక్కగా పైకెక్కింది. పదకొండు దాటిందో లేదో సున్నాకి పడటం, మళ్లీ లేవడం, మళ్లీ పడటం, రెండింటి దాకా రంపం పళ్లలాగా ఇదే వరస. ఎండ మండిపోతున్న టైములో ప్యానెళ్లు ఊరికే కూర్చున్నాయి. ఆయనేమో నాకు డొక్కు ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి లైన్‌కి ఇచ్చేది) అంటగట్టావని తిడుతున్నాడు.

అక్క: కింద ఓల్టేజి కూడా చూపిస్తుంది, అది చదువు.

తమ్ముడు: 254.

అక్క: మరింకేం? 230కి పది శాతం కలిపితే 253. అది దాటితే రెండు సెకన్లలో గ్రిడ్ నుంచి తప్పుకోవాలని సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2013 నిబంధనల్లోనే ఉంది. నీ ఇన్వర్టర్ చెయ్యాల్సిన పనే చేసింది.

తమ్ముడు: అంటే మీ లైన్ డొక్కుదన్నమాట.

అక్క: లైన్ వేసిన రోజున కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి వస్తుందన్న లెక్కతో వేశార్రా, ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తుందని ఎవరూ అనుకోలేదు. వీధిలో దిమ్మె మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని, అంటే 11 వేల ఓల్టులని, 433 ఓల్టులకి దించే డబ్బా. 433 అనేది రెండు ఫేజు తీగల మధ్య, ఒక ఫేజుకీ న్యూట్రల్ (తిరిగొచ్చే తీగ)కీ మధ్య అయితే 250. లోడ్ లేనప్పుడు అక్కడే 250 ఉంటుంది, చివరి ఇంటికి వెళ్లేసరికి తగ్గుతుంది కాబట్టి ముందే కాస్త పైన పెట్టుకున్నాం. రాత్రి ఏసీలన్నీ ఆన్ అయ్యాక లైన్ చివర లో ఓల్టేజి అని ఫోన్లు వస్తే లైన్‌మన్ వెళ్లి ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఓల్టేజిని మెట్లుగా మార్చేది) ఇంకో మెట్టు పెంచి వస్తాడు. ఇప్పుడు నువ్వొచ్చి అదే చివరి ఇంటి మీద ప్యానెళ్లు పెట్టావు. పోయే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి అర ఓమ్ నిరోధం ఉందనుకో, నీ 3 కిలోవాట్ల నుంచి 12 ఆంపియర్లు వెనక్కి తోస్తే 6 ఓల్టులు పెరుగుతుంది. పక్కింటాయన కూడా అదే ఫేజు మీద పెట్టించుకుంటే 12. పగలు లోడ్ లేదు, ట్యాప్ పైనుంది, నువ్వు తోస్తున్నావు. 254 రాక ఏమవుతుంది?

తమ్ముడు: ట్యాప్ దించండి మరి.

అక్క: దించితే రాత్రికి చివరి ఇంట్లో ఏసీ ఎత్తుకోదు. అది లైవులో తిప్పేది కాదు, ఏబీ స్విచ్ (స్తంభం మీది 11 కేవీ లైన్ స్విచ్) తీసి, సప్లై ఆపి తిప్పాలి. రోజుకి రెండుసార్లు తిప్పమంటావా, వీధి వీధికీ?

(ఇది చాలామందికి తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ సరిపోదేమో అన్నదే అందరి భయం. చాలా వీధుల్లో అది సరిపోతుంది, ముందుగా గీత దాటేది ఓల్టేజి.)

తమ్ముడు: సరే, నా లెక్క కూడా విను. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సుమారు 100 కిలోవాట్లు మోసేది, దాని కింద అరవై సర్వీసులు (కనెక్షన్లు) అనుకో. పాతిక ఇళ్ల మీద తలా 3 కిలోవాట్లు పెడితే 75. మధ్యాహ్నం వీధి వాడకం ఓ 20 అనుకో, వెనక్కి పోయేది 55. డబ్బా మోయగలదా లేదా? మోస్తుంది. పైగా ఆ 20 కిలోవాట్లు ఎక్కడి నుంచో రావక్కర్లేకుండా పక్క మేడ మీద నుంచే దిగాయి, దారిలో పోయే నష్టం మీకు మిగిలింది. రైతుల మోటార్లకి పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నారు కదా, మిగిలిన 55 పల్నాడు వెళ్లి అక్కడ నీళ్లు తోడుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

అక్క: పల్నాడు దాకా వెళ్లడానికి నాకేం అభ్యంతరం లేదు. 11 కేవీ ఎక్కిందంటే ఎటైనా పోతుంది. మన గొడవంతా నీ కస్టమర్ ఇంటికీ, ఆ దిమ్మెకీ మధ్య ఉన్న మూడు వందల మీటర్ల తీగ గురించే. అక్కడ నీవాళ్లు చేస్తున్న పని చెప్పనా? స్తంభం ఎక్కి ఏ ఫేజు చేతికి అందితే దానికి తగిలిస్తారు. ఆర్, వై, బీ అని మూడు ఫేజులుంటే అందరూ ఆర్ ఫేజే. బీ ఫేజు మీద ఒక్క ప్యానెల్ ఉండదు. ఆర్‌లో 254, బీలో 228, న్యూట్రల్‌లో కరెంటు పరుగులు. మూడు ఫేజులకీ సరిగ్గా పంచి ఉంటే ఈ పోరంకి ఆయన నీకు ఫోనే చేసేవాడు కాదేమో.

తమ్ముడు: సర్వీస్ వైర్ ఏ ఫేజుకి ఉందో అది మీ లైన్‌మన్ తగిలించిందే అక్కా. నా కుర్రాళ్లు స్తంభం ఎక్కరు. ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో మీ ఆఫీసులో రాసి ఉందా? ఎప్పుడైనా చూశావా?

అక్క: ...లేదు.

(ఇక్కడ నేను తమ్ముడి పక్షం. ఏ సర్వీసు ఏ ఫేజు మీదుందో రికార్డు లేకుండా సోలార్ వల్లే లైన్ పాడవుతోందనడం తప్పించుకోవడమే. డిస్కంలని బాగుచేయడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన ఆర్‌డీఎస్ఎస్ పథకంలో ట్రాన్స్‌ఫార్మర్లకి మీటర్లు పెట్టడం కూడా ఒక పని. అవి పని చేసి, ఎవరో ఒకరు ఆ రీడింగులు చూస్తే ఈ వాదన సగానికి సగం తగ్గుతుంది.)

తమ్ముడు: ఇంకోటి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది కదా, కస్టమర్లు దాని గురించి నన్ను తిట్టే తిట్లు ఇన్నీ అన్నీ కాదు. నెత్తిన ఎండ పెట్టుకుని ఫ్యాను తిరగదేంటయ్యా అంటారు.

అక్క: ఆగాలి. పైన లైన్‌మన్ ఉంటాడు. సప్లై తీశామన్న నమ్మకంతో చెయ్యి పెడతాడు.

తమ్ముడు: తెలుసు, నేనూ అదే చెబుతాను. కానీ గ్రిడ్ ఇన్వర్టర్ దానంతటదే ఆగుతుంది. డిస్కం లైన్‌ని విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ తిప్పే షాపులు ఊళ్లో ఎన్ని లేవు? వాటి మీద లేని భయం మా మీద ఎందుకు?

అక్క: వాటి మీదా ఉంది. అది వేరే గొడవ, దాన్ని ఇందులో కలపకు. అసలు డబ్బుల విషయానికి రా. మన రాష్ట్రంలో మొదటి 30 యూనిట్లకి రూపాయి 90 పైసలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆ పైన 9.75. కింద శ్లాబు వాళ్లకి తక్కువకి ఇవ్వగలుగుతున్నామంటే పై శ్లాబు వాళ్లు కట్టేది కూడా అందులో ఉంది. నీ కస్టమర్లంతా ఎవరు? పై శ్లాబు వాళ్లే. నెట్ మీటర్ (లైన్‌కి ఇచ్చిన యూనిట్లని వాడినవాటిలోంచి తీసేసేది) పెట్టగానే 3 కిలోవాట్ల మీద నెలకి 350 యూనిట్ల దాకా చెరిగిపోతాయి, ఆయన బిల్లు కింద శ్లాబుకి దిగుతుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి ఆయన ఏసీకి కరెంటు ఇచ్చేది నేనే, స్తంభాలు, తీగలు, లైన్‌మన్ జీతం అన్నీ అలాగే ఉంటాయి. మధ్యాహ్నం ఎవరికీ అక్కర్లేని యూనిట్ ఇచ్చి, రాత్రి అందరికీ కావాల్సిన యూనిట్ పట్టుకెళ్తాడు, ఒకటికి ఒకటి. సాయంత్రం కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజిలో యూనిట్ రేటు పది రూపాయల సీలింగు తాకే రోజులున్నాయి. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం వాళ్లని అడుగు, పగలు ఉత్పత్తి తగ్గించి సాయంత్రానికి పెంచడం ఎంత టెన్షనో చెబుతారు. సామర్థ్యంలో 55 శాతం కన్నా కిందకి దించాలంటే బొగ్గు బాయిలర్‌కి చాలా కష్టం.

తమ్ముడు: అంటే పై శ్లాబు వాడు జీవితాంతం 9.75 కట్టాలా? వాడు సొంత డబ్బు పెట్టుకున్నాడు. ప్రభుత్వమే పిలిచి 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ ఇచ్చింది. ఇప్పుడొచ్చి నువ్వు పేదవాళ్ల డబ్బు తింటున్నావు అంటే ఎలా? పైగా రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం నడుస్తోంది, ఇది డబ్బున్నవాళ్ల సరదా అన్న మాట ఇక చెల్లదు.

అక్క: పెట్టాలి, కాదన్లేదు. అయితే ఆ కాలనీల్లో చాలా చోట్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరు, సన్నటి తీగ. వరసగా ముప్ఫై ఇళ్ల మీద ఒకేసారి పెడితే పగలు వాళ్లు పనికి పోతారు, లోడ్ ఉండదు, మొత్తం వెనక్కే. లైన్ మార్చకుండా ప్యానెళ్లు పెడితే ఆ ఇళ్లలోనే ఇన్వర్టర్లు ట్రిప్ అవుతాయి. ఉచితంగా ఇచ్చింది పనిచెయ్యకపోతే అడిగే దిక్కు కూడా వాళ్లకి ఉండదు, నీ పోరంకి కస్టమర్‌లాగా ఫోన్ చేసి తిట్టలేరు.

(ఈ మాటతో నేను అక్క వైపు జరిగాను.)

తమ్ముడు: అయితే లైన్ మార్చండి. కరెంటు వినియోగదారుల హక్కుల నిబంధనలకి చేసిన 2024 సవరణలో స్పష్టంగా ఉంది, 5 కిలోవాట్ల దాకా లైన్ బలపరిచే ఖర్చు డిస్కందే.

అక్క: డిస్కందే అంటే ఎవరిది? టారిఫ్‌లో కలుస్తుంది. అందరిదీ. మేడ లేనివాడిది, అద్దె ఫ్లాట్‌లో ఉండేవాడిది కూడా. అందుకే తీగ మార్చే ముందు ఖర్చు లేని పనులు చెయ్యమంటున్నా. మొట్టమొదట నీ ఇన్వర్టర్ సెట్టింగులు. 253 దగ్గర టపీమని పడిపోవడం కాకుండా, ఆ గీతకి కాస్త ముందు నుంచే కొద్దికొద్దిగా పవర్ తగ్గించుకునే ఏర్పాటు ఇప్పుడొచ్చే చాలా ఇన్వర్టర్లలో ఉంటుంది. మూడు బదులు రెండు కిలోవాట్లు ఇస్తుంది, కానీ ఆగదు. ఆ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంటుంది. నీ కుర్రాళ్లు డబ్బా విప్పి కంపెనీ వాడు ఎలా ఇచ్చాడో అలాగే వదిలేస్తారు. జర్మనీలో ఏమైందో తెలుసుగా, ఇన్వర్టర్లన్నిటికీ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే ఆగమని ఒకే అంకె పెట్టారు. అన్నీ ఒకేసారి ఆగితే దేశం గ్రిడ్డే ఊగిపోతుందని తర్వాత తెలిసి, 2012 నుంచి లక్షల ప్లాంట్ల దగ్గరికి మనుషుల్ని పంపి మార్పించుకున్నారు. ముందు పెట్టిన అంకె తర్వాత మార్చాలంటే అంత ఖర్చు.

తమ్ముడు: రియాక్టివ్ పవర్‌తో, అంటే కరెంటు అలని ఓల్టేజి అల నుంచి కాస్త జరిపి, ఓల్టేజి తగ్గించే ఆప్షన్ కూడా ఉందిగా, యూనిట్లు పోకుండా?

అక్క: పెద్ద లైన్ల మీద బాగా పనిచేస్తుంది. వీధుల్లో ఉండే మన ఎల్‌టీ (లో టెన్షన్) తీగల్లో నిరోధం పాలే ఎక్కువ, దాంతో వచ్చేది తక్కువ. పెట్టుకో, దాని మీదే ఆశ పెట్టుకోకు.

తమ్ముడు: మరి ఇన్వర్టర్ పవర్ తగ్గించుకునే ఆ కోత ఎవరిమీద పడుతుంది? అది చెప్పు ముందు. దిమ్మె పక్కనున్న ఇంటాయనకి ఓల్టేజి అంత పెరగదు, ఏడాది పొడుగునా మొత్తం అమ్ముకుంటాడు. లైన్ చివరాయనకి రోజూ మధ్యాహ్నం కోత. ఇద్దరూ ఒకే ధర పెట్టి కొన్నారు, ఒకే సబ్సిడీ. నేను చివరాయనకి ఏమని చెప్పి అమ్మాలి? దక్షిణ ఆస్ట్రేలియాలో ఎక్స్‌పోర్ట్‌ని ఒకటిన్నర నుంచి పది కిలోవాట్ల మధ్య లైన్ పరిస్థితిని బట్టి డిస్కమే దూరం నుంచి మారుస్తుంది, ముందే ఆ ఒప్పందం మీద సంతకం. అలాగైనా ముందు చెప్పండి. కోసిన యూనిట్లు లెక్కగట్టి సగమైనా బిల్లులో వెయ్యండి.

అక్క: వేస్తాం. లైన్ వాడకానికి నెలకి ఇంత అని నీవాళ్లూ కడతారా?

తమ్ముడు: ఇదిగో, చివరికి ఇక్కడికే వస్తావు.

అక్క: ఎక్కడికి రావాలి మరి? హవాయిలో 2015లో నెట్ మీటరింగ్ కొత్తవాళ్లకి ఆపేశారు. అంత దాకా రాకముందే మాట్లాడుకుందామంటున్నా. ఇంకో దారి కూడా ఉంది, పగటి కరెంటు పగలే వాడుకోవడం. మా గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్నున్నాయో నీకు తెలుసు. చల్లబడిన సరుకు గోదాం తలుపులు మూసి ఉంటే కొన్ని గంటలు చల్లగానే ఉంటుంది. కంప్రెసర్లు మధ్యాహ్నం గట్టిగా నడిపి, సాయంత్రం ఏడు నుంచి పది దాకా తగ్గించుకుంటే బ్యాటరీ కొనకుండానే బ్యాటరీ పని జరిగినట్టు. సోలార్ గంటల్లో టారిఫ్ కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నిబంధనలు సవరించింది కూడా. ఆ తేడా యజమాని చేతికి కనపడితే మనం చెప్పక్కర్లేదు, ఆయనే ఆపరేటర్‌ని మార్చమంటాడు.

తమ్ముడు: అది గుంటూరు. పోరంకిలో కోల్డ్ స్టోరేజీ లేదు, అపార్టుమెంట్లున్నాయి.

అక్క: అపార్టుమెంట్‌లో ట్యాంకు మోటారు తెల్లవారుజామున ఐదింటికి ఎందుకు వేస్తాడు వాచ్‌మన్? పన్నెండింటికి వెయ్యమను. స్కూటర్ల ఛార్జింగు రాత్రి కాకుండా సెలవు రోజు మధ్యాహ్నం పెట్టమను. ఇవి చిన్నవే, నీ 254ని 248కి దించడానికి మాత్రం ఇలాంటివే పనికొస్తాయి.

తమ్ముడు: సరే, పోరంకి సంగతి తేల్చు. ఏం చెయ్యమంటావు?

అక్క: ఆ లైన్ నాది కాదు, అక్కడి ఏఈకి నేను ఫోన్ చేస్తా. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద నువ్వు పెట్టిన ఇళ్లన్నీ, సర్వీస్ నంబరు, ఫేజు, ఇన్వర్టర్ సైజు రాసి పంపు. మధ్యాహ్నం పన్నెండింటికి ప్రతి ఇంటి దగ్గరా ఓల్టేజి చూసి పక్కన రాయి. ఎన్ని సర్వీసులు ఆర్ నుంచి బీకి మార్చాలో తేలుతుంది. ఇకనుంచి ఏ కొత్త అప్లికేషనైనా ఫేజు రాయకుండా పంపితే వెనక్కొస్తుంది.

తమ్ముడు: పది కిలోవాట్ల దాకా అయితే ఫీజిబిలిటీ (లైన్ తట్టుకుంటుందా లేదా అన్నది) చూడకుండానే ఒప్పుకున్నట్టే అని రూల్ అక్కా. వెనక్కి పంపడానికి మీకు లేదు.

అక్క: అన్ని వివరాలూ పూర్తిగా ఉన్న దరఖాస్తు అని కూడా అదే రూల్‌లో ఉంది.

తమ్ముడు: ఫారంలో ఫేజుకి గడే లేదుగా!