పంపు ఆగిన పద్నాలుగు గంటలు

ఐసీయూలో వెంటిలేటర్ మీద ఐదో రోజు. పేషెంటు బరువు 60 కిలోలు. ముక్కు గొట్టంలోంచి ద్రవాహారం పంపుతో గంటకు 60 మి.లీ. చొప్పున వెళ్ళాలి. మి.లీ.కి ఒక కేలరీ అనుకుంటే రోజుకు 1440. నిన్న అందింది 600. ఆ చార్టు దగ్గరే వాదన మొదలైంది.

డైటీషియన్: డాక్టర్ గారూ, సగం కూడా పడలేదు. ఆకలేస్తోందని ఈయన చెప్పలేరు. మనం పెడితేనే తిండి. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళ తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే 10 రోజుల్లో దాదాపు 18 శాతం తగ్గిందని 2013లోనే తేల్చారు. వెంటిలేటర్ తీశాక ఊపిరి పీల్చాల్సింది కండబలంతోనే కదండీ!

డాక్టర్: ఆ కండ కరిగేది తిండి లేక మాత్రమే కాదు మేడమ్. జబ్బు దెబ్బకి ఒళ్ళే కండను కరిగించి చక్కెర తయారు చేసుకుంటుంది. మనం ఎంత పోసినా మొదట్లో అది ఆగదు. 2023లో వచ్చిన న్యూట్రిరియా-3 అధ్యయనం చూడండి. వెంటిలేటర్ మీద, షాక్‌లో (బీపీ పడిపోయి) ఉన్న 3044 మంది. కొందరికి రోజుకు కిలోకి 25 కేలరీలు, కొందరికి 6. మరణాల్లో తేడా లేదు. తక్కువ ఇచ్చినవాళ్ళే ఐసీయూ నుంచి త్వరగా బయటపడే స్థితికి వచ్చారు. వాంతులు, విరేచనాలు కూడా తగ్గాయి.

డైటీషియన్: అది మొదటి వారం సంగతి. ఎనిమిదో రోజున గుర్తుపెట్టుకుని పెంచేదెవరు? నా భయం అదే.

డాక్టర్: ప్రొటీన్ ఎక్కువిస్తే మేలనీ అనుకున్నాం. కిలోకి 2.2 గ్రాములు ఇచ్చి చూస్తే లాభం లేదు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు చెరుపు చేసేలానే కనిపించింది.

డైటీషియన్: 2.2 నేనూ అడగట్లేదండీ. మెల్లగా 1.3 దాకా తీసుకెళ్దాం అంటున్నాను. అసలు ఈ కాలమ్ చూడండి. స్కాన్ ఉందని రాత్రి 12కి పంపు ఆపారు. స్కాన్ అయింది ఉదయం 9కి. పంపు మళ్ళీ తిరిగింది మధ్యాహ్నం 2కి. పద్నాలుగు గంటలు! మీరు ఆలోచించి తగ్గించిన తిండి కాదిది. ఎవరూ నిర్ణయించకుండానే జరిగిన పస్తు.

డాక్టర్: (కాసేపాగి) దానికి నా దగ్గర సమాధానం లేదు. శ్వాసనాళంలో గొట్టం, ఊపిరితిత్తుల్లోకి తిండి జారకుండా చాలావరకు అడ్డుకునే గాలిబుడగ (కఫ్) ఉన్న మనిషికి ఈ స్కాన్ కోసం వెల్లకిలా పడుకోబెట్టే ఆ కాసేపు ఆపితే సరిపోయేది.

డైటీషియన్: అయితే ‘గంటకు ఇంత’ అని కాక ‘రోజుకు ఇంత’ అని రాయండి. పోయినదాన్ని నర్సులు స్పీడు పెంచి పూడుస్తారు.

డాక్టర్: ముందు రక్తంలో ఫాస్ఫేట్ చూడాలి. జబ్బుకు ముందే తిండి మానేసినవాళ్ళకు ఒక్కసారిగా పెంచితే ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. ఇంకొకటి. మత్తుకిచ్చే ప్రొపోఫాల్ గంటకు 15 మి.లీ. పోతోంది. మి.లీ.కి 1.1 కేలరీ. అంటే రోజుకు దాదాపు 400. మీ లెక్కలో అది లేదు.

డైటీషియన్: లేదు, అది నా పొరపాటే. కానీ ఆ 400 అంతా కొవ్వే కదండీ, ప్రొటీన్ చుక్క లేదు. అందుకని కేలరీలు తక్కువగా, ప్రొటీన్ ఎక్కువగా ఉండే ఫీడ్‌కి మారుద్దాం.

డాక్టర్: ఫాస్ఫేట్ రిపోర్ట్ రానివ్వండి, మారుద్దాం. మత్తు ఆపిన రోజున మళ్ళీ లెక్క వేయాలి.

ఆవిడ చార్టులో కొత్త కాలమ్ గీసింది: పంపు ఆపిన టైము, ఆపమన్నదెవరు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి.