మహారాజశ్రీ ఆర్టికల్ 48 గారి దివ్య సముఖానికి

జర్మనీ వారి వైమార్ రాజ్యాంగంలో వెలసిన తమకు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. తమరు పుట్టింది 1919లో. జర్మనీ యుద్ధంలో ఓడి, చక్రవర్తి కైజర్ దేశం విడిచి పారిపోయాక, అంత ఉదారమైన రాజ్యాంగం మరెక్కడా లేదని మెచ్చుకున్నారు జనం. ఆడవాళ్లకు ఓటు, మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, అన్నీ ఇచ్చారు. అవసరమైతే వాటిని ఆపే పని తమకు అప్పగించారు. శాంతిభద్రతలు బాగా దెబ్బతింటే అధ్యక్షుడు సైన్యాన్ని దింపొచ్చు, కొన్ని హక్కుల్ని తాత్కాలికంగా పక్కన పెట్టొచ్చు. మరి దీనికి హద్దులేమిటంటే, ఆ వివరాలు తర్వాత చట్టం చేసి చెబుతామని తమ చివర్లోనే రాశారు. ఆ చట్టం మాత్రం ఎప్పటికీ రాలేదు. ప్రభుత్వ పనులంటే అంతే కదండీ.

తమ మొదటి యజమాని, తొలి అధ్యక్షుడు ఎబర్ట్ గారు మంచివాడే, ప్రజాస్వామ్యవాది. ఆయన కూడా తమను వందసార్లకు పైగా వాడారు. తిరుగుబాటు వస్తే తమరే, 1923లో జర్మన్ కరెన్సీ మార్కు చిత్తుకాగితమైతే తమరే. పరిస్థితి చక్కబడ్డాక ఆయన తమను మళ్లీ లోపల పెట్టేవారు. అలవాటు మాత్రం బయటే ఉండిపోయింది.

అదే 1923లో మ్యూనిక్‌లో ఒక బీరు హాల్లో తుపాకీ పేల్చి అధికారం లాక్కోబోయాడు హిట్లర్. దేశద్రోహానికి ఐదేళ్లు శిక్ష పడింది. 1924 డిసెంబరుకే బయటికొచ్చేశాడు. తుపాకీతో పని కాదు, కాగితంతోనే అవుతుందని అతనికి అర్థమైంది. 1928 ఎన్నికల్లో అతని నాజీ పార్టీకి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. అంటే నవ్వుకుని వదిలేసే స్థాయి.

తమ అసలు వైభోగం 1930లో మొదలైంది. ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. నిరుద్యోగ బీమా చందా కాస్త పెంచాలా వద్దా అనే గొడవలో సంకీర్ణ ప్రభుత్వం కూలిపోయింది. కొత్త ఛాన్సలర్, అంటే ప్రధాని, బ్రూనింగ్ గారు పొదుపు బడ్జెట్‌ను పార్లమెంటు సభ ముందుకు తెచ్చారు. సభ కాదంది. ఆయన దాన్నే తమ పేరు మీద జారీ చేశారు. సభ మళ్లీ కాదంది, ఆ హక్కు దానికి ఉంది కూడా. అయితే సభే వద్దని రద్దు చేయించారు! సెప్టెంబరులో ఎన్నికలు పెడితే నాజీలు 12 నుంచి 107కి ఎగబాకారు. లెక్క చూసుకుంటే 1931లో సభ చేసిన చట్టాలు 34, తమ పేరుతో వచ్చిన ఆదేశాలు 44. 1932కి వచ్చేసరికి చట్టాలు అయిదే, మిగతాదంతా తమరే. అరవై లక్షల మంది పనిలేక రోడ్డున పడితే, పార్లమెంటుతో ఏమీ కాదని హిట్లర్ ఊరూరా తిరిగి అరుస్తున్నాడు. దానికి రుజువులు ఏరోజుకారోజు ప్రభుత్వమే సరఫరా చేసింది.

తమ సేవల్లో నాకు బాగా నచ్చింది మాత్రం 1932 జూలై 20 నాటిది. అప్పటి ఛాన్సలర్ పాపెన్ గారు గొప్ప ఇంటి పెద్దమనిషి. నాజీల గూండాదళం మీదున్న నిషేధాన్ని జూన్‌లో ఆయనే ఎత్తేశారు. వాళ్లు వీధుల్లో పడ్డారు, కొట్లాటల్లో జనం చచ్చారు. దాంతో ఆయన చాలా బాధపడి, ప్రష్యా రాష్ట్రంలో శాంతిభద్రతలు లేవంటూ తమ సాయంతో అక్కడి ప్రభుత్వాన్ని పీకేశారు. రాష్ట్రపతి పాలన సంగతి తెలిసిన మాకు ఇందులో పెద్దగా వివరించాల్సిందేమీ లేదు. దేశంలో సగానికి పైగా ఉన్న రాష్ట్రం, దాని పోలీసులతో సహా, ఒక్క సంతకంతో చేతికొచ్చింది. ఆర్నెల్ల తర్వాత ఆ పోలీసులు హిట్లర్ అనుచరుడు గోరింగ్ గారి చేతిలో పడ్డారు. ఆయన ఆ గూండాలకే పోలీసు పట్టీలు కట్టి పంపారు.

ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో నాజీలకు దాదాపు ఇరవై లక్షల ఓట్లు తగ్గాయి. పార్టీ ఖజానా ఖాళీ. దిగిపోతున్న వాణ్ని చేయి పట్టుకుని పైకి లాగింది పెద్దమనుషులే. 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌ను చేశారు. మంత్రివర్గంలో అతనితో కలిపి నాజీలు ముగ్గురే. రెండు నెలల్లో అతన్ని మూలకు నెట్టి కీచుమనిపిస్తామని పాపెన్ గారు భరోసా ఇచ్చారు.

నెల కూడా తిరగలేదు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే మళ్లీ తమరు రంగంలోకి దిగారు. మాట, పత్రిక, సభ, ఉత్తరం, ఇల్లు, వీటికున్న రక్షణలన్నీ పోయాయి. మరో ఉత్తర్వు వచ్చేవరకని రాశారు. ఆ మరో ఉత్తర్వు నాజీలు ఉన్నన్నాళ్లూ రాలేదు. మార్చిలో ఎన్నికలు పెడితే, ఇంత చేసీ వాళ్లకొచ్చింది 43.9 శాతమే. కమ్యూనిస్టు సభ్యుల్ని సభకే రానివ్వకుండా, మార్చి 23న 444–94 ఓట్లతో చట్టాలు చేసే అధికారమంతా హిట్లర్‌కు రాసిచ్చేశారు. కాదన్నది సోషల్ డెమొక్రాట్లు మాత్రమే.

అన్నీ రూల్ ప్రకారమే జరిగాయి కాబట్టి తమరి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పైగా తమ రాజ్యాంగాన్ని హిట్లర్ రద్దు కూడా చేయలేదు. చేయాల్సిన అవసరం ఏముందని?

ఇట్లు,
ఒక ఓటరు

తా.క. 1949లో మా రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ గారు తమ రాజ్యాంగం పేరెత్తి, ఇలాంటి అధికారాలతోనే హిట్లర్ దాన్ని నాశనం చేశాడని హెచ్చరించారు. విన్నారు, అయినా ఎమర్జెన్సీ అధికారాలు పెట్టుకున్నారు. 1975లో వాడుకున్నారు కూడా. ఇప్పుడు మా గ్రూప్-2 పుస్తకాల్లో 'ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల సస్పెన్షన్: జర్మనీ' అని తమరొక బిట్. కోచింగ్ సెంటర్లో దాన్ని ఐర్లండ్, కెనడాలతో కలిపి ఒక్క గుక్కలో బట్టీ పట్టిస్తారు.