లిఫ్టు ఆగిందన్నది సమాచారమే

ఈ దేశంలో ఉన్న నిబంధనలన్నిట్లో నాకు మహా ఇష్టమైనది ఒకటుంది. ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. 2011లో వచ్చిన మూడో దశ ఎఫ్‌ఎం విధానం కాస్త కనికరించి, ఆకాశవాణి బులెటిన్‌ను ముక్క మార్చకుండా మళ్లీ వినిపించుకోవచ్చంది. వార్తల కిందికి రానివి ఏమిటో కూడా విడమరిచి చెప్పింది: ట్రాఫిక్, వాతావరణం, ఆటలు, పండగలు, పరీక్షలు, అడ్మిషన్లు, ఉద్యోగాలు. స్థానిక అధికారులు చెప్పిన మేరకు కరెంటు, నీళ్లు, వరదలు కూడా. హైదరాబాద్ నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంటుకు సెక్రటరీగా ఉన్నవాణ్ణి, పాలన అంటే ఏమిటో కొంత తెలిసినవాణ్ణి. ఏం జరిగిందో చెప్పనిచ్చి, ఎందుకు జరిగిందో చెప్పనివ్వని ఇంత చక్కటి ఏర్పాటును నేను మరెక్కడా చూడలేదు.

మా మూడో అంతస్తులో ఎఫ్‌ఎం రిపోర్టర్ ఒకమ్మాయి ఉంటుంది. బుద్ధిమంతురాలు. ఇందిరా పార్కు దగ్గర ధర్నా ఉన్న రోజు "లోయర్ ట్యాంక్‌బండ్ వైపు బండ్లు నెమ్మదిగా కదులుతున్నాయి, వేరే దారి చూసుకోండి" అని తియ్యగా చెబుతుంది. ధర్నాలో కూర్చున్నదెవరో, వాళ్లకు ఎన్ని నెలల జీతం రావాలో ఆమెకు తెలుసు. వాళ్ల పక్కన నిలబడే కదా ఫోన్‌లో మాట్లాడుతోంది! కానీ అది చెబితే వార్త అయిపోతుంది. జీతం రానివాడి గోల జీతం వచ్చేవాడి దారికి అడ్డం రాకుండా చూడటమే కదా రేడియో ధర్మం.

2020 అక్టోబరు వానలకు నగరంలో కొన్ని కాలనీల్లోకి పడవలు వచ్చాయి. అలాంటప్పుడు ఏ రోడ్డు మునిగిందో, ఏ దారి మూశారో ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఇళ్లు కట్టుకోమని పర్మిషన్ ఎవరిచ్చారన్నది మాత్రం ఆ పట్టికలో లేదు. ఉంటే ఆ అమ్మాయికి ఎంత టెన్షన్!

మరి టీవీ వాళ్లకు అన్నీ ఎలా చెప్పనిచ్చారని కొందరు అమాయకులు అడుగుతారు. టీవీలో ఎనిమిది మంది ఒకేసారి అరుస్తారు కాబట్టి ఎవరేమన్నారో ఎవరికీ వినపడదు, ప్రమాదం లేదు. రేడియోలో మాట్లాడేది ఒక్కరే. అర్థమైపోతుంది.

ఆ అమ్మాయి స్టూడియోకి వెళ్లలేని రోజున ఇంట్లోనే రికార్డింగ్. బీరువా తలుపులు రెండూ తెరిచి, పట్టుచీరల మధ్య తల దూర్చి, పైన బొంత కప్పుకుంటుంది. గుడ్డలు మోతను పీల్చేస్తాయట. ఫ్యాన్ చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపాలి, కుక్కర్ కూత వినపడుతుందని పప్పు ఆపాలి. మే నెలలో అలా బొంత కింద చెమటలు కక్కుతూ "నగరంలో ఈరోజు ఆహ్లాదకరమైన..." అని మొదలుపెట్టేసరికి స్వచ్ఛ ఆటో పాట పెట్టుకుని వస్తుంది. అది పోయాక మళ్లీ మొదలెడితే ఉల్లిగడ్డల ట్రాలీ. దాని వెనకే "పాత ఇనుప సామాన్లు, పాత కూలర్లు, పాత ఫ్రిజ్‌లు కొంటాం" అనే మైకు. నిజం చెప్పాలంటే మా వీధిలో అసలైన ప్రసార సంస్థ ఆ మైకే. దానికి ఫ్రీక్వెన్సీ వేలం లేదు, లైసెన్సు ఫీజు లేదు, వద్దన్నా ప్రతి ఇంట్లోకీ వస్తుంది. ఉల్లిగడ్డ ధర ఎంతో చెబుతారు, ఎందుకు పెరిగిందో చెప్పరు. అందుకే చట్టం వాళ్ల జోలికి పోదు.

అత్తగారికి మాత్రం కోడలి ఉద్యోగం మీద ఇంకా గురి కుదరలేదు. నల్లా రాని రోజు వాకిట్లో బిందె పెట్టుకుని అడుగుతుంది: "ఏమ్మా, ఊరందరికి చెప్తవు, మనింట్ల నల్లా ఎప్పుడొస్తదో నీకు తెల్వదా?"

"వాటర్ బోర్డు నుంచి ఇంకా మెసేజ్ రాలేదత్తమ్మా."

"పక్క గల్లీల వస్తున్నయి మల్ల!"

చట్టం ప్రకారం కోడలిదే రైటు. అధికారులు చెప్పేదాకా నీళ్లు రానట్టూ కాదు, వచ్చినట్టూ కాదు. అత్తగారు వినదే! ఆమె బాల్కనీలోంచి రెండు మాటలు అడిగి, ఏ వీధిలో వాల్వ్ ఎవరు తిప్పారో, తిప్పినందుకు ఎవరి చెయ్యి తడిసిందో పది నిమిషాల్లో తేల్చేస్తుంది. లైసెన్సు లేని వార్తా ప్రసారం అంటే అదే. ఈ వయసులో ఆమె మీద చర్య తీసుకోలేం గానీ, నేను ఒక కన్నేసి ఉంచాను.

అపార్ట్‌మెంటు జనానికి కూడా రేడియో అంటే ఏమిటో పూర్తిగా అంతుబట్టలేదు. బోనాల ఏర్పాట్ల మీద ఆ అమ్మాయి మైకులో రెండు మాటలు (బైట్) అడిగితే ఫస్ట్ ఫ్లోర్ ఆంటీ "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్లి, చీర మార్చుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. అంకుల్ జుట్టు దువ్వుకుని "కెమెరా ఏదమ్మా?" అన్నాడు. "రేడియో, అంకుల్" అంటే మొహం చిన్నబోయింది. అయినా మైకుకి తన కుడి చెంప కనపడేలాగే నిలబడి మాట్లాడాడు. మిగతావాళ్లు సినిమా పాసులడుగుతారు, మనవడి పుట్టినరోజు చెప్పమంటారు, అల్లుడికి ఉద్యోగం చూడమంటారు. ఆ అమ్మాయి జీతం సంగతి అల్లుడికి తెలిస్తే ఎలాగూ రాడు.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. 1935లో నిజాం ప్రభుత్వం దక్కన్ రేడియోను నడిపింది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది, 2006లో నగరానికి ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాయి. నడిపేవాళ్లు మారినా వార్త మాత్రం సర్కారు చెయ్యి దాటలేదు. మధ్యలో 1995లో సుప్రీంకోర్టు గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పిచ్చింది. ఇచ్చింది, కాదనను. మా డాబా కూడా అందరి ఆస్తే, తాళంచెవి నా దగ్గర ఉంటుంది.

ఈ సూత్రాన్ని మా అసోసియేషన్‌లో అక్షరాలా అమలు చేస్తున్నాను. లిఫ్టు ఆగిపోయిందన్నది సమాచారం; నోటీసు బోర్డు మీద నేనే స్వయంగా రాసి పెట్టాను, ఉగాది ముందునుంచీ అక్కడే ఉంది. కొత్త లిఫ్టుకని వసూలు చేసిన డబ్బులేమయ్యాయన్నది వార్త. వార్తలు మన పరిధిలో లేవు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు, రాశిఫలాలు, వాన బొమ్మలు పెట్టుకోవచ్చు. లెక్కలడిగిన రెండో అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని ప్రస్తుతానికి గ్రూపులోంచి తప్పించి గౌరవించాం.

మొన్న ఆదివారం సెల్లార్‌లో జనరల్ బాడీ మీటింగ్ పెట్టాం. అందరూ మెట్లు దిగి వచ్చి ఆయాసపడుతున్నారు. ఎప్పుడూ నోరెత్తని ఆ అమ్మాయి లేచి నిలబడి, పసుపు స్పాంజి తొడిగిన మైకు నా ముందు పెట్టింది.

"ఇది రేడియోలో రాదంకుల్, ఇంట్లో అత్తమ్మకు వినిపించడానికి. లిఫ్టు డబ్బులు ఎవరి ఖాతాలో ఉన్నాయి?"

నేను గొంతు సవరించుకున్నాను. సాయంత్రానికి ఉరుములతో జల్లులు పడే అవకాశం ఉందన్నాను. ఎప్‌సెట్‌లో ర్యాంకు తెచ్చుకున్న మూడువందల రెండు వాళ్లబ్బాయికి అందరి తరఫునా అభినందనలు చెప్పాను. బోనాలకు చందా త్వరగా ఇవ్వమన్నాను. హెడ్మాస్టరు గారు లేచి అదే ప్రశ్న మళ్లీ అడిగారు. ఆయన వెనక నలుగురు, వాళ్ల వెనక ఆంటీ.

"ముందు మెట్ల దగ్గర రద్దీ ఎక్కువగా ఉంది, సభ్యులు దయచేసి వెనక మెట్లు వాడుకోగలరు" అని ప్రకటించి, ముందుగా నేనే ఆ దారిన వెళ్లాను.