మహారాజశ్రీ న్యూ ఫోల్డర్ (2) గారికి

కంప్యూటర్లో ఎవరూ పేరు పెట్టకుండా వదిలేసిన ఫోల్డరు, మహారాజశ్రీ న్యూ ఫోల్డర్ (2) గారి సముఖానికి, చెన్నై సాలిగ్రామం నుంచి పెళ్ళి వీడియోల ఎడిటర్ ఒకడు రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ ఇక్కడ మా కుశలం తమ దయ మీదే ఉంది. తమ లోపల ఏముందో తెరిస్తే గానీ తెలియదు. తెరిస్తే లోపల ఇంకో న్యూ ఫోల్డర్ ఉంటుంది.

ముందుగా అభినందనలు. ఈ ఊళ్ళో ఒకప్పుడు మనుషులు చేసిన ఉద్యోగం ఇప్పుడు తమరు చేస్తున్నారు. జీతం అడగరు, రోజువారీ బత్తా అడగరు, మధ్యాహ్నం భోజనం లేటైందని అలగరు. మా ఓనరు దృష్టిలో ఇంతకంటే మంచి స్టాఫ్ ఇంకెవరూ లేరు.

తమ సీట్లో ఇంతకుముందు ఎవరు కూర్చునేవారో తమకి తెలియకపోవచ్చు. కోడంబాకం, వడపళని చుట్టుపక్కల తెలుగు సినిమాలు తయారైన రోజుల్లో ఎడిటింగ్ రూములో అసిస్టెంట్లు ఉండేవాళ్ళు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యడుగుల రీలు కష్టపడితే పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఫిల్ము అంచున ఎడ్జ్ నంబర్లు అచ్చై వచ్చేవి. ఎడిటింగ్ కోసం నెగెటివ్ నుంచి తీసిన రష్ ప్రింటులో ఎడిటరు కోసిన ముక్కకి సరిపడే నెగెటివ్ ముక్కని ఆ నంబరు చూసి పట్టుకునేవాళ్ళు. వాడని ముక్కల్ని కూడా పారేయకుండా, సీను, షాటు, టేకు రాసి, బిన్ను అనే తొట్టిలో వరసగా వేలాడదీసేవాళ్ళు. "తలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తుందే, ఆ రెండో టేకు ఇవ్వు" అని డైరెక్టరు అంటే అసిస్టెంటు చెయ్యి తిన్నగా ఆ ముక్క మీదికే వెళ్ళాలి. వెళ్ళకపోతే తిట్లు. వెళ్తే ఏమీ అనరు, అదే మెచ్చుకోలు. కాకపోతే నెలాఖరుకి చేతిలో డబ్బు పడేది, అదృష్టం ఉంటే తెరమీద పేరు కూడా పడేది.

ఇప్పుడు వాహినీ స్టూడియో జాగాలో మాల్ ఉంది. బిన్ను ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఓ ఫోల్డరు పేరుగా మిగిలింది. అసిస్టెంటు సీటు ఖాళీ అయింది, అందులో ఎవరినీ వేయలేదు, తమరు వచ్చి కూర్చున్నారు.

తమ యోగ్యతాపత్రాలు కూడా ఎవరూ చూడలేదు. విండోస్‌కి ముందు, డాస్ కాలంలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తర్వాత ఇంకో మూడు. 1995లో విండోస్ 95 వచ్చి, 255 అక్షరాల దాకా ఎంతైనా రాసుకోండి అంది. వధూవరుల పేర్లు, గోత్రాలు, మండపం, తేదీ అన్నీ పట్టేంత చోటు. మనవాళ్ళు అందులో వాడింది, ఖాళీలూ బ్రాకెట్లూ కలుపుకుని, పధ్నాలుగు: New Folder (2). అవీ తమరే స్వయంగా పెట్టుకున్నవి.

తమరు డ్యూటీలో చేరే వేళ కూడా భలే కుదురుతుంది. మన ముహూర్తాలు సగం తెల్లవారుజామునే కదా. టీ నగర్‌లో కల్యాణమండపం, మూడు కెమెరాలు, పైన డ్రోను. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన 4కే రికార్డు చేస్తే గంటకి 45 జీబీ అవుతుంది. అన్ని కెమెరాలూ కలిపి పన్నెండు గంటల ఫుటేజీ అంటే 540 జీబీ. అంతా మెమరీ కార్డుల్లోంచి డిస్కులోకి దింపాలి, కార్డులు ఖాళీ చేసి మళ్ళీ కెమెరాల్లో పెట్టాలి. ఆ పనికి మా యూనిట్‌లో విడిగా మనిషి లేడు. లైట్లు మోసే తంబి ఉన్నాడు. అప్పటికే వాడికి కళ్ళు మూతలు పడుతుంటాయి. లాప్‌టాప్ డైనింగ్ హాలు మూల, సాంబారు బకెట్ల పక్కన ఉంటుంది. రైట్ క్లిక్, న్యూ, ఫోల్డర్. పేరు రాయాల్సిన చోటు నీలంగా వెలుగుతూ ఏదో ఒకటి రాయమంటుంది. తంబి ఎంటర్ కొడతాడు. "పేరు పెట్టు నాయనా" అంటే "పాత్తుక్కలాం అణ్ణా" అంటాడు. చూసుకుందాం అని భావం. చూసుకునేది ఎలాగూ వాడు కాదు కదా.

వాడినేమీ అనను. వాడికిచ్చిన జాబ్ అయితే చేస్తున్నాడు, ఈ జాబే ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు.

జీలకర్ర బెల్లం సంగతి మాత్రం చెప్పుకోవాలి. సోనీ కెమెరాలు చాలావాటిలో క్లిప్పుల పేర్లు సి0001, సి0002 అని నడుస్తాయి. అమ్మాయి వైపు కెమెరాలో సి0001 ఉంటుంది, అబ్బాయి వైపు కెమెరాలోనూ ఉంటుంది. ఏ కార్డుకి ఆ ఫోల్డరు ఉంటే గొడవే లేదు. రెండు కార్డుల క్లిప్పులూ తమ ఒక్కరి కడుపులోనే పోశారనుకోండి, విండోస్ ఎంతో మర్యాదగా అడుగుతుంది: ఇదే పేరుతో ఫైళ్ళున్నాయి, వాటిని తీసేసి ఇవి పెట్టనా, వీటిని వదిలేయనా, లేక ఏది కావాలో నువ్వే చూసి చెప్తావా అని. ఓ పెళ్ళిలో మా ఓనరుగారి బావమరిది మొదటిది నొక్కారు. ఎందుకండీ అంటే, అదే పైన ఉంది అన్నారు. జీలకర్ర బెల్లం అమ్మాయి వైపు కెమెరాలో సి0014. అబ్బాయి వైపు సి0014 వంటశాల. కార్డు అప్పటికే రిసెప్షన్ కోసం ఫార్మాట్ అయిపోయింది.

కొన్నాళ్ళకి నెల్లూరు నుంచి పెళ్ళికూతురి నాన్నగారి ఫోను. "ఏం బాబూ, అమ్మాయీ అల్లుడూ తలమీద చెయ్యి పెట్టుకునే ముక్క లేదే? వంకాయలు తరిగేది మాత్రం బ్రహ్మాండంగా తీశారు." మా ఓనరు ఫోను లాక్కుని, "అది సినిమాటిక్ అండీ" అన్నారు.

సరే, ఫైళ్ళు పోకుండా తమలోనే ఉన్నాయనుకుందాం. అప్పుడైనా సుఖమా? ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలుని పెన్ డ్రైవులో వేసిచ్చి "మొత్తం పెళ్ళి ఇందులో ఉంది" అంటారు మావాళ్ళు. శుభలేఖలో మండపం అడ్రస్ ఉంటుంది గానీ భోజనం ఉండదు కదండీ. ప్రాజెక్టు ఫైలులో ఉండేది కూడా అంతే: ఏ క్లిప్పు, ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్లో, అందులో ఎక్కడినుంచి ఎక్కడిదాకా. నిన్న E డ్రైవుగా ఉన్న డిస్కు ఈరోజు ఇంకో డిస్కు పక్కన పెట్టగానే F అయిందా, అడ్రస్ మారినట్టే. ప్రీమియర్ ఎర్రటి తెర వేసి మీడియా ఆఫ్‌లైన్ అని రకరకాల భాషల్లో చెబుతుంది. అందులో తెలుగు లేదు. తెలుగులో చెప్పే భాగం మా ఓనరుగారిది.

అప్పుడు లొకేట్ నొక్కి వెతుకుతాం. డెస్క్‌టాప్ మీద తమరు, డాక్యుమెంట్స్‌లో తమరు, ప్రతి డిస్కులోనూ తమరు. వేరువేరు పెళ్ళిళ్ళవి సి0001లు ఎక్కడ చూసినా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పేరు కలిసింది కదా అని తగిలించిందంటే, తాళి కట్టే షాటులో ఇంకెవరో పెళ్ళికొడుకు వంగుతాడు. ఇది నేను తమాషాకి చెప్పడం లేదు.

తమరు కాపురముంటున్న డిస్కుల సంగతి. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చినవే అన్నీ. 4 టీబీ అని కొంటే విండోస్ 3.63 అని చూపిస్తుంది. కంపెనీ వెయ్యి లెక్కన గుణిస్తుంది, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది, మా ఓనరు మాత్రం షాపువాడు మధ్యలో తినేశాడని ఈనాటికీ నమ్ముతారు. ఆయుధపూజ నాడు డిస్కులన్నీ బల్ల మీద పేర్చి గంధం పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తాం. ప్రతి డిస్కుకీ మూడేసి బొట్లు. లేబుల్ మాత్రం ఒక్కదానికీ లేదు. నల్ల డిస్కు, ఇంకో నల్ల డిస్కు, గీత పడిన నల్ల డిస్కు. మాకు క్యాటలాగ్ అంటే అదే.

బ్యాకప్ ఉందా అని ఎవరైనా క్లయింటు అడిగితే, ఉందండీ రెండు కాపీలు అంటారు మావాళ్ళు. ఉన్నమాటే. రెండూ ఒకే బీరువాలో కింది అరలో ఉంటాయి. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, కనీసం ఒకటి వేరే చోట. వేరే చోట అని ఎందుకన్నాడో చెన్నైవాడికి చెప్పాలా? 2015 డిసెంబరులో అడయారు పొంగింది, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చింది. గ్రౌండ్ ఫ్లోరు బీరువా కింది అరలో కాపీలు రెండున్నా ఇరవై ఉన్నా నీళ్ళకి ఒకటే.

అసలు రెండో కాపీ తీసేదెప్పుడు? ఆ 540 జీబీ సెకనుకి 100 మెగాబైట్ల వేగంతో పోతే గంటన్నర. రెండో డిస్కుకి మళ్ళీ గంటన్నర. ఆ మూడు గంటలు ఎవరో ఒకరు మేలుకుని కూర్చోవాలి, ఈలోపు మండపంవాడు కరెంటు ఆపకుండా చూసుకోవాలి. ఆ ఎవరో ఒకరు అనే మనిషి ఖర్చు ఏ కొటేషన్‌లోనూ లేదు.

ఈ ఊరికి పోగొట్టుకోవడం కొత్త కాదనుకోండి. రఘుపతి వెంకయ్యగారూ వాళ్ళబ్బాయి ప్రకాష్‌గారూ 1921లో మద్రాసులోనే 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. నైట్రేట్ ఫిల్ము నిప్పు కనిపిస్తే అంటుకునే సరుకు, కాపీ తీయాలంటే ఫిల్ము కొనాలి, ల్యాబుకి డబ్బు కట్టాలి. వాళ్ళకి కారణాలున్నాయి. మాకు కంట్రోల్ సి, కంట్రోల్ వి ఉన్నాయి.

ఇక తమకి వ్యతిరేకంగా కొందరు సాగిస్తున్న కుట్ర గురించి కూడా మనవి చేయాలి. వీళ్ళు ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ రాస్తారు, అప్పుడు కంప్యూటరే వరసగా పేర్చేస్తుందట. ప్రతి పెళ్ళికీ ఒకే నమూనా: ఫుటేజ్, ఆడియో, పాటలు, గ్రాఫిక్స్, ప్రాజెక్టు, ఎక్స్‌పోర్ట్. ఫుటేజ్‌లో కెమెరా ఏ, కెమెరా బి. వాటిలో కార్డు 1, కార్డు 2. కార్డులోంచి క్లిప్పులు మాత్రమే ఏరుకోకుండా మొత్తం కార్డుని ఉన్నదున్నట్టు దింపుతారు, ఎందుకంటే పక్కనున్న చిన్నచిన్న ఫైళ్ళలో కూడా క్లిప్పు వివరాలుంటాయి. కాపీ సరిగ్గా పడిందో లేదో, రెండు ఫైళ్ళూ ఒకటేనా కాదా తేల్చే చెక్‌సమ్‌తో సరిచూస్తారు. రెండు డిస్కుల్లో పడేదాకా కార్డు ఫార్మాట్ చేయనివ్వరు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన పనికోసం చేసుకునే తాత్కాలిక ఫైళ్ళు, అంటే మీడియా కేష్, మళ్ళీ తయారయ్యేదే కాబట్టి దానికి బ్యాకప్ తీయరు. మా దగ్గర ఒక మహానుభావుడు సి డ్రైవు నిండిందని ఫుటేజ్ డిలీట్ చేసి కేష్‌ని పదిలంగా డిస్కులో దాచాడు లెండి, ఆయన తమ పార్టీ.

ఈ కుట్రదారులతో చేరి, మొన్న కార్తీకం ముహూర్తాల ముందు మా ఓనరుగారి దగ్గరికి వెళ్ళాను. అన్నా, కొటేషన్‌లో ఒక లైను కలుపుదాం: డేటా చూసుకునే మనిషికి ఇంత, రెండో డిస్కుకి ఇంత అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "క్లయింటు ఒప్పుకోడయ్యా. కంటికి కనపడని దానికి డబ్బెవడిస్తాడు? ఆల్బమ్ పెట్టెకి లోపల లైటు పెట్టిద్దాం, మూత తీస్తే వెలిగేది. దానికైతే కళ్ళు మూసుకుని ఇస్తారు" అన్నారు. పెట్టించారు. ఇస్తున్నారు.

ఇట్లు,
తమ కింద పనిచేస్తున్న ఎడిటరు,
సాలిగ్రామం, చెన్నై