సాక్ష్యాల వేదికపై చోటులేని పిల్లలు

ఆధునిక సౌకర్యాలకు దూరంగా, తమ సంఘంలోనే బతికే ఆమిష్ క్రైస్తవుల్లో మేనరికాలు ఉండవు. మేనత్త పిల్లల్నీ మేనమామ పిల్లల్నీ పెళ్లాడటానికి సంఘం ఒప్పుకోదు. అయినా అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ కౌంటీలో వాళ్ల ఇళ్లలో, వాళ్లకు దగ్గరి క్రైస్తవ శాఖే అయిన చుట్టుపక్కల మెన్నోనైట్ల ఇళ్లలో, చాలామంది డాక్టర్లు పుస్తకాల్లో తప్ప చూడని జబ్బులతో పిల్లలు పుడుతుంటారు. 18వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చి స్థిరపడిన కొద్ది కుటుంబాల సంతతి వాళ్లు. బయటివాళ్లతో పెళ్లిళ్లు లేవు. మూలపురుషుల్లో ఎవరో ఒకరికున్న జన్యులోపం తరతరాలుగా వాళ్లలో వాళ్లకే తిరుగుతోంది. మాంసకృత్తుల్లోని కొన్ని ఆమ్లాలు ఒంట్లో పేరుకుపోయే మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ ప్రపంచం మొత్తం మీద సుమారు 1,85,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తే, పాత పద్ధతులు వదలని ఓల్డ్ ఆర్డర్ మెన్నోనైట్లలో దాదాపు 380 మందిలో ఒకరికి వస్తోంది.

లోకానికి దూరంగా బతకాలన్న విశ్వాసమే ఈ జబ్బుల్ని ఒకచోట పోగుచేసిందన్నమాట. అలాంటి వాళ్లు డాక్టర్ని గడప తొక్కనిస్తారా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. జరిగింది వేరు.

1988లో ఫిలడెల్ఫియాలో పనిచేస్తున్న డాక్టర్ హోమ్స్ మోర్టన్ దగ్గరికి ఒక ఆమిష్ బాబు మూత్రం శాంపిల్ వచ్చింది. బాబుది సెరిబ్రల్ పాల్సీ అని అప్పటిదాకా అనుకున్నారు. పరీక్షలో గ్లుటారిక్ అసిడూరియా అని తేలింది. మాంసకృత్తుల్ని ఒళ్లు సరిగా విడగొట్టలేక ఒక ఆమ్లం పేరుకుపోయే జన్యు జబ్బు అది. ఈ జబ్బున్న పిల్లలు పుట్టినప్పుడు చక్కగానే ఉంటారు. బోర్లాపడతారు, నవ్వుతారు. ఏ వాంతులో జ్వరమో వచ్చి తిండి మానేస్తే ఒక్క రాత్రిలో మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. ముందే తెలిస్తే మాంసకృత్తులు కొలిచి పెట్టొచ్చు, జ్వరం రాగానే గ్లూకోజు ఎక్కించి కాపాడుకోవచ్చు. మోర్టన్ లాంకాస్టర్ వెళ్లి చూస్తే అలాంటి పిల్లలు ఇంకా ఎందరో కనిపించారు. 1989లో ఆయన, భార్య కరొలైన్ కలిసి వాళ్లకోసం క్లినిక్ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఒక ఆమిష్ రైతు ఇచ్చిన స్థలంలో ఊరివాళ్లే చేతులు వేసి దాని భవనం లేపారు.

ఇది ఎలా సాధ్యమైందన్నదే నాకు ఆసక్తి. వాళ్ల నమ్మకం ప్రకారం బాప్తిస్మం పెద్దయ్యాక తీసుకునేది. అప్పటిదాకా బిడ్డ నిర్దోషి, దేవుడి బిడ్డ. కాబట్టి ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడన్న ప్రశ్నకు అక్కడ పెద్దగా చోటు లేదు. బిడ్డను దాచుకోవాల్సిన పని తల్లికి లేదు. దాచని బిడ్డకే వైద్యం అందుతుంది. క్రిగ్లర్-నజ్జార్ అనే జబ్బులో, కామెర్లు తెచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ పేరుకుని మెదడుకు ప్రమాదం. ఆ పిల్లలు రోజూ పది పన్నెండు గంటలు నీలి లైట్ల కింద పడుకోవాలి. కరెంటు వైరు ఇంట్లోకి రానివ్వని ఆమిష్ కుటుంబాలు కూడా బిడ్డకోసం ఆ లైట్లు వెలిగించాయి.

ఇక డబ్బు. వాళ్లు ఇన్సూరెన్సు కట్టరు. ఆడవాళ్లు కుట్టిన బొంతలు, మగవాళ్లు చేసిన బల్లలూ కుర్చీలూ ఏటా వేలం వేసి క్లినిక్‌కు ఇస్తారు. మన దగ్గర అరుదైన జన్యు జబ్బుకు వేసే 16 కోట్ల ఇంజెక్షన్ కోసం బిడ్డ ఫోటో పెట్టి చందాలు అడిగే తల్లిదండ్రుల్ని చూస్తున్నాం. ఆ ఫోటో జనం కంటపడితే ఒక బిడ్డ గట్టెక్కుతుంది, పడకపోతే లేదు. ఆ వేలం డబ్బు అందుకునే క్లినిక్‌కు ఎవరి బిడ్డైనా ఒకటే.

ఆమిష్‌లను ఆదర్శంగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఎనిమిదో తరగతితో చదువు ఆపించే సమాజం తనంతట తాను ఆ క్లినిక్‌ను కనిపెట్టలేదు. చదువుకున్నవాడు బయటినుంచి రావాల్సి వచ్చింది. కానీ వచ్చినవాణ్ణి రానిచ్చింది.

మన స్వస్థత కూటాల వైపు చూస్తే నా ఫిర్యాదు వేరు. తలనొప్పి తగ్గినవాళ్లు, నడుము నొప్పి పోయినవాళ్లు మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతారు. జన్యులోపంతో పుట్టిన బిడ్డకు సాక్ష్యం ఎప్పటికీ రాదు. నూనె రాసి ప్రార్థన చేశాక కూడా మెడ నిలవకపోతే, "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అన్న మాట పడేది తల్లి మీదే. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పిన సంగతి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోనే ఉంది. దానిమీద ప్రసంగాలకు మాత్రం కొదవలేదు.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ ఆసుపత్రి కట్టించారు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు మిషనరీలు ఆసుపత్రి పెట్టారు. అదీ మన తెలుగు క్రైస్తవ వారసత్వమే. పుట్టిన బిడ్డ మడమ దగ్గర గుచ్చి తీసే నాలుగు రక్తపు చుక్కలతో పైన చెప్పిన మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్‌నీ గ్లుటారిక్ అసిడూరియానీ పసిగట్టొచ్చు. మన దగ్గర చాలాచోట్ల అది అడిగి, డబ్బు కట్టి చేయించుకోవాల్సిన పరీక్షే. మేనరికాలు క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉన్నాయి కాబట్టి అవసరం మనకు తక్కువేమీ కాదు. సంఘంలో కాన్పు జరిగిన ప్రతి ఇంటికీ ఆ పరీక్ష ఖర్చు కానుకల డబ్బులోంచి ఇస్తామని ఏ సంఘ కమిటీ అయినా తీర్మానం చేయొచ్చు. కొత్త సౌండ్ సిస్టం కొనడానికి చేసే తీర్మానం కంటే దీనికి పెద్దగా చర్చ కూడా అక్కర్లేదు.