సర్వే నంబరు లేనివాళ్ల మాట

పత్రికల లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో ఓ ప్రకటన తరచూ కనిపిస్తుంది. ఫలానా ఊళ్లో, ఫలానా సర్వే నంబరులో ఇన్ని ఎకరాలను కన్జర్వేషన్ జోన్ (ఇళ్లు, వెంచర్లు పెరగకుండా వదిలిపెట్టే నేల) నుంచి నివాస జోన్‌లోకి మార్చదలిచామని అందులో ఉంటుంది. ఉత్తరాన ఎవరి పొలముందో, దక్షిణాన ఏ బాట ఉందో చెప్పి, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో తెలపాలంటుంది. డబ్బు తీసుకుని మేమూ వాటిని అచ్చేస్తాం. పక్క భూమి వాళ్లు, ప్లాట్ల వ్యాపారులు తప్ప వాటిని చదివేవాళ్లు అరుదు.

భూమి ఉన్నవాళ్లు కళ్లు తెరిచి చదివితే ఏమవుతుందో కామారెడ్డిలో చూశాం. 2022 చివర్లో అక్కడి మాస్టర్ ప్లాన్ (ఏ భూమిని దేనికి వాడాలో గీసే పటం) ముసాయిదా బయటికొచ్చింది. పంట పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఓ రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి 2023 జనవరి 20న పురపాలక పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. రైతులు గెలవాల్సిన పోరాటమే అది. ఇది నా సర్వే నంబరు, దీని మీద మీరు గీసిన గీత ఇది అని వాళ్లు వేలు పెట్టి చూపగలిగారు.

అద్దె గదిలో ఉండే తాపీ మేస్త్రీకి, నాలుగిళ్లలో అంట్లు తోముకునే మనిషికి అలా చూపడానికి ఏ నంబరూ లేదు. అందుకే వాళ్ల ఇళ్లు ఎక్కడన్నది ప్లాన్ గీసేటప్పుడు తేలదు. ఆ తర్వాత సర్కారు భూమి ఎక్కడ ఖాళీగా దొరికితే అక్కడ తేలుతుంది.

కొల్లూరు అలా తేలిందే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడంలో లోపమని మేం అనడం లేదు. కానీ లాటరీలో ఇల్లు తగిలిన వాళ్లు నగరం నలుమూలల వాళ్లు. పాతబస్తీలో తోపుడు బండి మీద బతికే మనిషి అక్కడికి మారితే బండి ఎక్కడ పెట్టాలి? తెల్లారక ముందే పనికి పోవాల్సిన ఆమె ఏ బస్సెక్కాలి? ఇల్లొచ్చినా చేరని కుటుంబాలను తప్పుపట్టడం తేలిక. ఇదే పథకంలో మొదట వచ్చిన సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీని చూడండి. పాత ఇళ్లు కూల్చి, అదే నేల మీద 396 ఇళ్లు కట్టి, ఆ కుటుంబాలకే ఇచ్చారు. పని, బడి, కిరాణా కొట్టు అరువు ఖాతా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ పద్ధతిని నగరమంతా ఎందుకు కొనసాగించలేదో ఏ పాలకుడూ సూటిగా చెప్పలేదు.

అమరావతి కథ ఇంకా చేదు. రాజధాని కోసం రైతుల నుంచి సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకు ఉంచాలని 2014 రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టమే చెప్పింది. ప్లాన్‌లో మాత్రం ఆర్-1 నుంచి ఆర్-4 దాకా నివాస జోన్లే ఉన్నాయి తప్ప, పేదలకంటూ గీసిన జోన్ లేదు. తర్వాతి ప్రభుత్వం చట్టాన్ని సవరించింది, 2023లో పేదల ఇళ్ల కోసం ఆర్-5 జోన్ తెచ్చింది. సుమారు 50 వేల మందికి సెంటు చొప్పున, అంటే 48 గజాల లెక్కన, మే 26న పట్టాలు పంచింది. ప్లాన్‌ను నమ్మి భూములిచ్చిన రైతులు కోర్టుకెక్కారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేసింది. రైతుల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆ 5 శాతం ఏ ఊళ్లో, ఏ రోడ్డు పక్కనో మొదటి రోజే పటం మీద గీసి ఉంటే, ఒక ప్రభుత్వం దాన్ని మరిచిపోవడానికి గానీ, ఇంకో ప్రభుత్వం ఎన్నికల ముందు ఎత్తుగడగా వాడుకోవడానికి గానీ వీలుండేది కాదు. చేతిలో పట్టా కాగితంతో మిగిలిన వాళ్లను మాత్రం ముందూ వెనకా ఎవరూ అడిగింది లేదు.

హైదరాబాద్‌కు 2050 మాస్టర్ ప్లాన్ కసరత్తు నడుస్తోంది. పేదల నివాస జోన్‌ను అందులో పేరు పెట్టి, బస్సు దారికీ పని దొరికే చోటికీ దగ్గరగా గీయాలి. ఆ జోన్‌ను మధ్యలో మార్చాలంటే మామూలు 15 రోజుల నోటీసు సరిపోదు, వార్డు సభ పెట్టి తీరాలి. ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. అభ్యంతరం రాయాలంటే సర్వే నంబరుతో పని లేకుండా అద్దె ఇంటి అడ్రసు చాలని ఉత్తర్వులోనే రాయాలి. పటం ఇంకా ఖరారు కాలేదు కాబట్టి ఇందుకు కొత్త భూసేకరణ అక్కర్లేదు, ఖర్చు సాకూ కుదరదు.